పాత డీజిల్ కారుకు కొత్త సెల్ఫ్: కొనేముందు ఏం తేల్చుకోవాలి, ఏం కొలుచుకోవాలి

పోయిన మే నెలలో తాడిపత్రి నుంచి అనంతపురం వస్తూ దారిలో టీ కోసం ఆగాం. పది నిమిషాల తర్వాత తాళం తిప్పితే ‘టక్’ అని ఒక్క చప్పుడు. అంతే, ఇంజన్ కదల్లేదు. లైట్లు బాగానే వెలుగుతున్నాయి, హారన్ గట్టిగానే మోగుతోంది. అంగడి దగ్గరున్న నలుగురు తోస్తే, సెకండ్ గేర్‌లో క్లచ్ వదిలాక బండి అందుకుంది. సాయంత్రం ఇంటి దగ్గర ఇంజన్ చల్లబడ్డాక చూస్తే ఒక్క తిప్పుకే స్టార్టయింది.

ఆ తర్వాత మూడు వారాల్లో రెండు తప్పులు చేశాను. మొదట కొత్త బ్యాటరీ కొన్నాను, దాని అవసరమే లేదు. తర్వాత బండి పేరు, మోడల్ సంవత్సరం చెప్పి ఒక సెల్ఫ్, అంటే ఇంజన్‌ను తిప్పి స్టార్ట్ చేసే మోటార్, తెప్పించాను. బోల్టులు చక్కగా పట్టాయి, దాని పళ్ళు మాత్రం ఇంజన్ పళ్ళతో కలవలేదు. తాళం తిప్పగానే కర్రుమని అరిచింది. చివరికి పాత సెల్ఫ్‌ను గోనెసంచిలో వేసుకుని అంగడికి పోయి, రెండూ పక్కపక్కన పెట్టి కొలుచుకుని తెచ్చుకున్నాక గానీ పని కాలేదు. అందుకే ముందే చెబుతున్నాను: బండి పేరు చెప్పి సెల్ఫ్ కొనకండి, పాత సెల్ఫ్‌ను ఎదురుగా పెట్టుకుని కొనండి. దానికన్నా ముందు, తప్పు సెల్ఫ్‌దేనని మీటర్ పెట్టి తేల్చుకోండి.

డీజిల్‌కు అంత బలం ఎందుకు

పెట్రోల్ ఇంజన్ లోపలికి పీల్చుకున్న గాలిని తొమ్మిది, పదో వంతుకు నొక్కుతుంది. పాత డీజిల్ ఇంజన్లు 17 నుంచి 22వ వంతు దాకా నొక్కుతాయి. డీజిల్‌కు స్పార్క్ ప్లగ్ ఉండదు, నొక్కుడుకు పుట్టిన వేడికే అది అంటుకోవాలి. ఇంజన్ నెమ్మదిగా తిరిగితే ఆ వేడి సిలిండర్ గోడల్లోకి పోతుంది, కొంత గాలి రింగుల పక్కనుంచి జారిపోతుంది. కాబట్టి సెల్ఫ్ ఇంజన్‌ను కదిలిస్తే చాలదు, సుమారు నిమిషానికి 150 చుట్లకు తగ్గకుండా తిప్పాలి. చిన్న పెట్రోల్ కార్లకు ఒక కిలోవాట్ లోపు సెల్ఫ్ సరిపోతుంది. చిన్న డీజిల్ కార్లకు 1.4 నుంచి 2 కిలోవాట్ల దాకా కావాలి. రెండున్నర లీటర్ల పెద్ద బండ్లకు 2 పైనే ఉంటుంది. పట్టింది కదా అని తక్కువ బలం ఉన్నది బిగిస్తే చలికాలం పొద్దున్నే ఇంజన్ తిరుగుతూనే ఉంటుంది, అంటుకోదు.

మొదటి పని: తప్పు ఎవరిదో తేల్చడం

చెవితోనే సగం తెలుస్తుంది. తాళం తిప్పితే ‘టకటకటక’ అని వరసగా కొట్టుకుంటే, అది దాదాపు ఎప్పుడూ బ్యాటరీ దిగిపోవడమో, టెర్మినల్ వదులో. ఒక్క ‘టక్’ వినిపించి లైట్లు తగ్గకపోతే సోలినాయిడ్ (సెల్ఫ్ మీద ఉండి దానికి కరెంటు కలిపే అయస్కాంత స్విచ్) లోపలి కాంటాక్టులు గానీ, మోటార్‌కు కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు గానీ అరిగిపోయి ఉంటాయి. అదే ‘టక్’తో పాటు లైట్లు బాగా మసకబారితే కరెంటు పోతోంది గానీ మోటార్ తిరగడం లేదు. అంటే బ్యాటరీ బలహీనం కావచ్చు, సెల్ఫ్ లోపల పట్టేసి ఉండొచ్చు, అరుదుగా ఇంజనే పట్టేసి ఉండొచ్చు. జుయ్యిమని మోటార్ ఒక్కటే తిరిగి ఇంజన్ కదలకపోతే బెండిక్స్ (ముందుకు దూకి ఇంజన్ పళ్ళతో కలిసే పళ్ళ చక్రం) జారుతోంది. ఇంజన్ హుషారుగా తిరుగుతూ అంటుకోకపోతే సెల్ఫ్ జోలికి పోనక్కర్లేదు, హీటర్ ప్లగ్గులు, డీజిల్ లైన్‌లో గాలి చూపించుకోండి.

మిగతా సగానికి మల్టీమీటర్ కావాలి, తాళం తిప్పడానికి ఇంకో మనిషి కావాలి. బండి న్యూట్రల్‌లో ఉంచి హ్యాండ్ బ్రేక్ వేయండి. పాత పంపు ఇంజన్లలో డీజిల్ పంపు మీద డీజిల్‌ను ఆపే చిన్న సోలినాయిడ్ ఉంటుంది. దాని వైరు పీకితే ఇంజన్ తిరుగుతుంది గానీ స్టార్ట్ కాదు, కొలతలకు అదే కావాలి.

బండి రాత్రంతా ఆగి ఉన్నాక బ్యాటరీ రెండు కొమ్ముల మధ్య కొలవండి. 12.6 వోల్టులు ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగం. 12కి దిగువ ఉంటే ముందు చార్జింగ్ పెట్టించి, ఆ తర్వాతే మిగతా పరీక్షలు. ఇప్పుడు సెల్ఫ్ కొడుతుండగా అదే చోట కొలవండి. 9.6కి కింద పడితే బ్యాటరీ మీద అనుమానం పెట్టుకోండి.

బ్యాటరీ బాగుంటే అసలు పరీక్ష ఇక్కడ మొదలవుతుంది, మన షెడ్లలో ఎక్కువగా వదిలేసేది కూడా ఇదే. మీటర్ ఒక ముల్లు బ్యాటరీ ప్లస్ కొమ్ముకు, రెండోది సెల్ఫ్ మీద లావు కేబుల్ బిగించిన నట్టుకు ఆనించి సెల్ఫ్ కొట్టించండి. అర వోల్టు లోపు చూపించాలి. ఎక్కువ చూపిస్తే ఆ కేబుల్ లోపల చిలుము పట్టింది. తర్వాత బ్యాటరీ మైనస్ కొమ్ము నుంచి సెల్ఫ్ ఒంటికి కొలవండి, 0.3 వోల్టుకు మించకూడదు. మించితే ఇంజన్ నుంచి బాడీకి వచ్చే ఎర్త్ పట్టీ తెగిపోయో, తుప్పు పట్టో ఉంటుంది. చివరిగా సోలినాయిడ్ మీది చిన్న వైరు, 50 అని ముద్ర ఉండే టెర్మినల్, తాళం తిప్పినప్పుడు ఎంత అందుకుంటోందో చూడండి. అక్కడ 8, 9 వోల్టులు కూడా రాకపోతే తాళం స్విచ్ కాంటాక్టులు కాలిపోయి ఉంటాయి. మధ్యలో ఒక రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్) పెడితే తీరిపోయే సమస్య అది, దానికి సెల్ఫ్ కొనడం డబ్బులు పోగొట్టుకోవడమే.

ఈ కొలతలన్నీ బాగుండి సెల్ఫ్ మొండికేస్తేనే బోల్టులు విప్పండి.

చల్లగా ఉంటే పనిచేసి వేడెక్కితే ఆగిపోయే సెల్ఫ్‌లు మన వైపు ఎక్కువ, మాదీ అదే. రాగి తీగ వేడెక్కేకొద్దీ కరెంటును అడ్డుకుంటుంది, డిగ్రీకి దాదాపు 0.39 శాతం చొప్పున. 30 డిగ్రీల దగ్గరున్న సోలినాయిడ్ 110కి చేరితే దాని అడ్డంకి 30 శాతం దాకా పెరుగుతుంది. బయట 42 డిగ్రీల ఎండలో గంట నడిపి బండి ఆపాక, గాలి ఆడని బానెట్ కింద ఎగ్జాస్ట్ పక్కనే ఉండే సెల్ఫ్ ఆ వేడిని సులభంగా అందుకుంటుంది. కాబట్టి కొలతలు చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, బండి మొండికేసే వేడిలో ఇంకోసారి తీసుకోండి. వేడిలో 50 టెర్మినల్ దగ్గర వోల్టులు బాగుండి, అయినా తిరగకపోతే తప్పు సెల్ఫ్ లోపలే.

రెండో పని: విప్పి చూసి, బాగు చేయించాలా మార్చాలా అని తేల్చడం

మా సెల్ఫ్‌ను పాతికేళ్ళుగా ఈ పనే చేస్తున్న ఒక భాయ్ దగ్గర విప్పించాను. వెనక మూత తీయగానే నల్లటి పేస్టు. తాడిపత్రి దారిలో బండల పాలిష్ ఫ్యాక్టరీల తెల్ల దుమ్ము, ఇంజన్ నుంచి కారిన ఆయిల్, బ్రష్‌ల పొడి కలిసి గట్టిపడిన ముద్ద అది. భాయ్ దాన్ని కిరసనాయిల్ గుడ్డతో తుడిచి ఆర్మేచర్‌ను, అంటే లోపల తిరిగే తీగచుట్ల ఇరుసును, వెలుతురులోకి తిప్పాడు. దాని ఒంటి మీద ఒక వైపు, బొటనవేలంత మేర, వెండిలా మెరుస్తోంది. మిగతాదంతా మామూలు ముదురు రంగే.

“చూడప్పా, ఇరుసు కూర్చునే బుష్షులు అరిగిపోయినాయి. ఆర్మేచర్ కిందికి జారి అయస్కాంతాలకు రాసుకుంటా ఉంది. వేడెక్కితే ఇంకా పట్టుకుంటాది.”

“బుష్షులు మారిస్తే సరిపోదా భాయ్?”

“ఏడాది ముందు మార్చింటే సరిపోయేది. ఇప్పుడు వైండింగ్ కాలింది, వాసన చూడు.”

ముక్కు దగ్గర పెట్టుకుంటే కాలిన వార్నిష్ వాసన స్పష్టంగా తెలిసింది.

మీరు విప్పించినప్పుడు చూడాల్సింది ఇదే. బ్రష్‌లు అరగడం, బుష్షులు అరగడం, బెండిక్స్ జారడం, సోలినాయిడ్ కాంటాక్టులు కాలడం, ఇవన్నీ విడిగా మారేవే. అంతవరకే అయితే బాగు చేయించుకోండి. పాత ఒరిజినల్ సెల్ఫ్‌కు కొత్త బ్రష్‌లు, బుష్షులు వేస్తే, పేరూ ఊరూ లేని కొత్త సెల్ఫ్ కన్నా అదే మేలని నా నమ్మకం. ఆర్మేచర్ కాలినా, బ్రష్‌లు రాసుకునే దాని రాగి కమ్యుటేటర్ మీద లోతైన గాడులు పడినా, లోపలి అయస్కాంతం పగిలినా మార్చేయండి. బాగు చేసే ఖర్చు కొత్తదాని ధరలో సగం దాటుతున్నా అంతే.

అయస్కాంతం ఎందుకు పగులుతుందో కూడా చెప్పాలి. సెల్ఫ్ తిరగకపోతే సుత్తితో రెండు దెబ్బలు వేయడం మనకు అలవాటు. పాత ఫీల్డ్ కాయిల్ సెల్ఫ్‌లు ఆ దెబ్బలు తట్టుకునేవి. చాలా కొత్త రకాల్లో కాయిల్ బదులు అయస్కాంతాలు ఉంటాయి, అవి గాజులా పెళుసు. ఆ దెబ్బకు బండి ఆరోజు స్టార్టయినా లోపల ముక్క విరిగి ఆర్మేచర్‌ను నాశనం చేస్తుంది.

సెల్ఫ్ బయటికి తీసిన చోట, ఆ రంధ్రంలోంచి టార్చి వేసి ఫ్లైవీల్ (ఇంజన్ వెనక ఉండే బరువైన చక్రం) అంచున ఉండే రింగ్ గేర్ పళ్ళు తప్పకుండా చూడండి. ఇంజన్‌ను పుల్లీ బోల్టు దగ్గర స్పానర్‌తో నెమ్మదిగా పూర్తి చుట్టు తిప్పుతూ చూడాలి. నాలుగు సిలిండర్ల ఇంజన్ ఆగినప్పుడల్లా దాదాపు ఎదురెదురుగా ఉండే రెండు చోట్లలో ఒకచోటే ఆగుతుంది. బెండిక్స్ ఎప్పుడూ అక్కడే తగులుతుంది కాబట్టి అరుగుదల కూడా అక్కడే. ఆ పళ్ళు కొసలు కొరికినట్టుంటే కొత్త సెల్ఫ్ కూడా కొన్ని నెలల్లో పాడవుతుంది. రింగ్ గేర్ మార్చాలంటే గేర్ బాక్స్ దించాలి, కాబట్టి క్లచ్ ప్లేట్లు కూడా అరిగి ఉంటే రెండూ ఒకేసారి చేయించుకోండి. అలాగే సెల్ఫ్ మీద ఆయిల్ కారుతుంటే ముందు ఆ లీకు ఆపించండి.

మూడో పని: జత కుదర్చడం

‘సుమో సెల్ఫ్ ఇవ్వన్నా’ అంటే అంగట్లో ఆయన ఏది ఇవ్వాలి? ఆ ఒక్క పేరు కిందే 2 లీటర్ల ఇంజన్ నుంచి 3 లీటర్ల ఇంజన్ దాకా వచ్చాయి. బొలేరోకు మొదట్లో 2.5 లీటర్ల ఇంజన్ ఉండేది, 2016లో 1.5 లీటర్లది కూడా వచ్చింది. ఇంజన్ ఒకటే అయినా గేర్ బాక్స్ హౌసింగ్ మారితే సెల్ఫ్ మారొచ్చు, ఎందుకంటే సెల్ఫ్ కూర్చునేది ఆ హౌసింగ్‌లోనే. పాత బండ్లలో ఇంకో చిక్కు ఉంది. మీకన్నా ముందు ఎవరో ఇంజనో, ఫ్లైవీలో మార్చి ఉండొచ్చు.

అందుకే మొదట పాత సెల్ఫ్ ఒంటి మీద పార్ట్ నంబర్ వెతకండి. అంటించిన కాగితం ఊడిపోయినా, లోహం మీద చెక్కిన అంకెలు గ్రీజు కింద ఉంటాయి. తుడిచి ఫోన్‌లో ఫోటో తీసుకోండి. నంబర్ దొరికితే సగం పని అయిపోయినట్టే. లూకాస్ టీవీఎస్, బాష్, వాలియో, డెన్సో లాంటి కంపెనీల డీలర్లు ఆ నంబర్‌కు ఇప్పుడు ఏ కొత్త నంబర్ వస్తోందో చూసి చెబుతారు. నంబర్ కలిసినా సరే, చేతిలో పట్టుకుని ఇవన్నీ పోల్చండి.

బెండిక్స్ పళ్ళు మొదట. లెక్కపెట్టడమే కాదు, బయటి అంచు నుంచి అంచుకు వెర్నియర్‌తో కొలవండి. తొమ్మిదికీ పదికీ చూపులో తేడా తెలియదు, నేను మోసపోయింది అక్కడే. తర్వాత తిరిగే దిశ. పళ్ళ వైపు నుంచి చూసినప్పుడు పాతది కుడికి తిరిగితే కొత్తదీ కుడికే తిరగాలి. ఇంజన్‌కు ఏ వైపు బిగిస్తారన్నదాన్ని బట్టి ఇది మారుతుంది.

బోల్టు రంధ్రాలు రెండా మూడా, వాటి మధ్య దూరమెంత, మరలు ఉన్నవా నునుపువా అన్నది అంగట్లో అందరూ చూస్తారు. కానీ ఆ రంధ్రాల మధ్య, హౌసింగ్ లోపలికి దూరే గుండ్రటి మెట్టు ఒకటి ఉంటుంది. సెల్ఫ్‌ను నడిమధ్యన నిలబెట్టేది అదే. దాని వ్యాసం అర మిల్లీమీటర్ తక్కువున్నా సెల్ఫ్ పక్కకు జరిగి పళ్ళు సరిగ్గా కలవవు. బోల్టులు పట్టే ఫ్లాంజ్ (బిగింపు పళ్ళెం) నుంచి బెండిక్స్ పళ్ళ దాకా ఎంత దూరమో రెండింటికీ స్కేలు పెట్టి చూడండి, ముడుచుకున్నప్పుడు ఒకసారి, ముందుకు లాగినప్పుడు ఒకసారి. కొన్ని సెల్ఫ్‌లకు ముందు వైపు ముక్కు ఉండదు, ఇరుసు కొస గేర్ బాక్స్‌లో ఉండే బుష్షులో కూర్చుంటుంది. మీది అలాంటిదైతే ఆ బుష్షు కూడా కొత్తది తీసుకోండి.

సోలినాయిడ్ ఏ దిక్కున కూర్చుందో, టెర్మినళ్ళు ఎటు చూస్తున్నాయో గమనించండి. కాస్త తిరిగి ఉంటే లావు కేబుల్ అందదు, లేదా ఎగ్జాస్ట్ పైపుకు తగులుతుంది. ఆ కేబుల్ ఎప్పుడూ కరెంటులో ఉండేదే, పైపుకు రాసుకుని తొడుగు తెగితే నిప్పంటుకుంటుంది. ఇక కిలోవాట్లు పాతదానితో సమానంగానైనా ఉండాలి, ఎక్కువైనా ఉండాలి. పాత సామాన్ల గుట్టలోంచి తీసుకుంటుంటే 12 వోల్టులదేనా అని తప్పక చూడండి, లారీలవి, బస్సులవి చాలావరకు 24 వోల్టులవి.

ఏ రకం తీసుకోవాలి

పాత బండ్లలో చాలావాటికి మోటార్ ఇరుసు మీదే పళ్ళు ఉండే నేరు రకం సెల్ఫ్ ఉండేది. బరువు ఎక్కువ, కరెంటు ఎక్కువ తాగుతుంది, కానీ మొరటు వాడకానికి నిలుస్తుంది. తర్వాత వచ్చిన గేర్ రకంలో మోటార్ చిన్నది, వేగంగా తిరుగుతుంది. మధ్యలో ఉన్న గేర్లు ఆ వేగాన్ని తగ్గించి బలంగా మారుస్తాయి. బరువు తక్కువ, బ్యాటరీ మీద భారమూ తక్కువ. మీ ఇంజన్ కోసమే పేరున్న కంపెనీ చేసిన గేర్ రకం దొరికితే దాన్నే తీసుకోండి. వేడిలో, కాస్త దిగిన బ్యాటరీతో కూడా అది ఇంజన్‌ను బాగా తిప్పుతుంది. వేరే బండిది తెచ్చి ఫ్లాంజ్‌కు వెల్డింగ్ చేయించి, రంధ్రాలు సాగదీసి పట్టించే పని మాత్రం వద్దు. నడిమధ్య తప్పిందంటే రింగ్ గేర్ పోతుంది.

రీకండిషన్ చేసినదైతే ఏమేం మార్చారో విప్పి చూపించమనండి. పైన వెండి రంగు కొట్టడం రీకండిషన్ కాదు. ఊళ్ళో దొరకకపోతే అనంతపురం వాళ్ళకు బెంగళూరు జేసీ రోడ్డు, కర్నూలు వాళ్ళకు హైదరాబాద్ రాణిగంజ్ బండి సామాన్ల అంగళ్ళ దారి ఎలాగూ ఉంది. మనిషి పోలేకపోతే ఫోటోలు, కొలతలు పంపి, సరిపోకపోతే వాపసు తీసుకుంటారని ఒప్పించుకున్నాకే పార్సెల్ తెప్పించండి. ‘కరెంటు సామానుకు గ్యారంటీ లేదు’ అని చాలాచోట్ల అంటారు. గ్యారంటీ ఎన్ని నెలలో బిల్లు మీద రాసిచ్చే చోటే కొనండి. పాత సెల్ఫ్ ఇస్తే ధర తగ్గిస్తామన్నా, కొత్తది బండికి పట్టి స్టార్టయ్యేదాకా పాతది చేతి నుంచి వదలకండి.

డబ్బులిచ్చే ముందు బెంచీ మీద తిప్పించండి. వైస్‌లో బిగించాకే బ్యాటరీ తగిలించాలి, తిరగడం మొదలవగానే సెల్ఫ్ ఎగిరి దూకుతుంది. పళ్ళు ఒక్కసారిగా ముందుకు దూకాలి, చప్పుడు ఒకే తీరుగా ఉండాలి, వదలగానే వెనక్కి పోవాలి. రెండు మూడు సెకన్లు చాలు.

బిగించేటప్పుడు

బ్యాటరీ మైనస్ ముందు తీయండి, చివర్లో పెట్టండి. బండి కిందికి దూరాలంటే స్టాండ్లు వాడండి. జాకీ ఒక్కదాన్నే నమ్మొద్దు. కడప బండలు పేర్చి బండిని ఆనించడం మన వైపు చూస్తుంటాను. ఆ బండ నేల మీద ఎంత గట్టిదైనా కింద బోలుగా ఉండి ఒకచోట బరువు పడితే చెప్పకుండా పగులుతుంది. కింద మనిషి ఉంటాడు, దయచేసి చేయకండి.

సెల్ఫ్‌కు ఎర్త్ దాని ఒంటి ద్వారానే వెళ్తుంది. కాబట్టి ఫ్లాంజ్ ముఖం మీద, బోల్టు తల కూర్చునే చోట రంగు ఉంటే ఉప్పుకాగితంతో లోహం కనిపించేదాకా గీకండి. హౌసింగ్ వైపు కూడా అలాగే. కొత్త సెల్ఫ్ పెట్టాక కూడా ఈడుస్తోంది అనే ఫిర్యాదుల్లో కొన్ని ఈ రంగు దగ్గరే తేలతాయి. సోలినాయిడ్ నట్టును మరీ బిగిస్తే కింది ప్లాస్టిక్ పగులుతుంది, గట్టిగా పట్టాక ఆపేయండి. ఎగ్జాస్ట్ వైపు రేకు అడ్డు ఉంటే పారేయకుండా మళ్ళీ పెట్టండి. ఎండకు కాదు గానీ ఎగ్జాస్ట్ వేడికి అదే గొడుగు.

పంపు వైరు మళ్ళీ తగిలించి స్టార్ట్ చేసి, ముందు చేసిన కొలతలు ఇంకోసారి తీసుకుని రాసి పెట్టుకోండి. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 13.8 నుంచి 14.4 వోల్టుల మధ్య ఉండాలి. లేకపోతే ఆల్టర్నేటర్ చూపించుకోవాలి, దిగిన బ్యాటరీతో ఈడిస్తే కొత్త సెల్ఫ్ కూడా వేడెక్కి కాలుతుంది. ఒక విడతలో పది సెకన్లకు మించి సెల్ఫ్ కొట్టొద్దు. అంటుకోకపోతే ఒక నిమిషం ఆగి మళ్ళీ కొట్టండి.

నేను కొత్త సెల్ఫ్ పార్ట్ నంబర్, పళ్ళ సంఖ్య, బిగించిన తేదీ, కేబుల్ దగ్గర చూపించిన వోల్టులు తెల్ల పెయింట్ పెన్నుతో బానెట్ లోపలి వైపు రాశాను. మాది 0.2 వచ్చింది. ఏడాదికోసారి అదే చోట మీటర్ పెట్టి చూస్తాను. ఆ అంకె పెరుగుతుంటే కేబుల్ తీసి శుభ్రం చేస్తాను. ఇంజన్ తిరిగే చప్పుడు కాస్త బరువెక్కినట్టు అనిపిస్తే, ఈసారి బుష్షులు ముందే మార్పిస్తాను.